కొత్త పుస్తకంతో ఊరూరా: సభలు, గ్రంథాలయాలు, దుకాణాల యాత్ర ఎలా చేయాలి

తెలుగులో పుస్తకం అచ్చు వేయించడం ఇప్పుడు పెద్ద పని కాదు. వెయ్యి ప్రతులు వేయించి తీరాలన్న రోజులు పోయాయి. మూడు వందలు, వంద, అడిగితే యాభై కూడా వేసిచ్చే ప్రెస్సులున్నాయి. చిక్కంతా ఆ తర్వాతే. అట్టపెట్టెలు ఇంటికొచ్చి మంచం కింద చేరతాయి. ఆవిష్కరణ రోజున కొన్ని ప్రతులు పోతాయి, వాటిలో సగం వేదిక మీది పెద్దల చేతుల్లోకి, ఉచితంగా. ఫేస్‌బుక్‌లో అభినందనలు వెల్లువెత్తుతాయి. అభినందించినవారిలో కొన్నవారెందరో లెక్క తీస్తే నీరసం వస్తుంది. మిగిలిన ప్రతులు కదలాలంటే రచయిత కదలక తప్పదు.

పెద్ద ప్రచురణ సంస్థ అండ లేకుండా మొదటి పుస్తకమో రెండో పుస్తకమో వేసుకున్నవారి కోసం ఇది రాస్తున్నాను. చెప్పదలచుకున్నది ఒకటే, తక్కినదంతా దాని వివరం: మీకంటే నెల రోజుల ముందు మీ పుస్తకం ఆ ఊరు చేరాలి. నలుగురైనా చదవని ఊళ్లో సభ పెట్టించుకోవద్దు.

ఆవిష్కరణ ఒక్కసారి చాలు

ఒకే పుస్తకాన్ని హైదరాబాద్‌లో ఒకసారి, విజయవాడలో ఒకసారి, విశాఖలో మరోసారి రంగు కాగితం విప్పి ఆవిష్కరించే అలవాటు మనకుంది. ఆ తంతు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, అతిథులను ఒక్కొక్కరినే వేదిక మీదికి పిలవడం, అధ్యక్షుల తొలిపలుకులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, శాలువాలు, జ్ఞాపికలు. "పుస్తకం ఇప్పుడే నా చేతికొచ్చింది, పూర్తిగా చదవలేకపోయాను" అంటూనే అరగంట మాట్లాడే వక్త ఒకరు ఎక్కడైనా ఉంటారు. రచయిత స్పందన వంతు వచ్చేసరికి తొమ్మిదవుతుంది, సగం కుర్చీలు ఖాళీ, ముందు వరుసలో ఉన్నది మీ చుట్టాలే.

ఆవిష్కరణ మీ సొంత ఊళ్లోనో, మీ పుస్తకానికి నేపథ్యమైన ఊళ్లోనో ఒక్కసారి జరిపించండి. మిగతా చోట్ల 'పుస్తక పరిచయం' అనో 'రచయితతో ముఖాముఖి' అనో పెట్టమని అడగండి. దానికి కావలసింది పుస్తకం చదివి పది నిమిషాలు మాట్లాడే మనిషి ఒకరు, ప్రశ్నలు అడిగి నడిపించే మనిషి ఒకరు, మీరు. మూడు కుర్చీలు, ఒక మైకు. నిర్వాహకులకు ఖర్చు తగ్గుతుంది, మీకు మాట్లాడే సమయం దక్కుతుంది. పిలవని పెద్దలు అలుగుతారన్న భయం ఉంటే, వారిని ముందు వరుసలో కూర్చోబెట్టి మొదటి ప్రశ్న వారినే అడగమనండి.

కాలం, దారి

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. ఆ వారమంతా ప్రతి జిల్లా గ్రంథాలయమూ ఏదో ఒక కార్యక్రమం చేయాలి కాబట్టి, వక్త తనంతట తాను వస్తానంటే సంతోషిస్తారు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో వస్తాయి. సంక్రాంతి వారం వదిలేయండి. మార్చిలో పరీక్షలు, ఏప్రిల్, మే నెలల్లో ఎండలు. ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు ప్రభుత్వ హాళ్లు దొరకడం కష్టం. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం ఆకర్షణీయంగా కనిపిస్తాయి కానీ ఆ రోజుల్లో వేదికలన్నీ నిండి ఉంటాయి, మీ పుస్తకం పదిహేనో అంశమవుతుంది. ఆషాఢం, మూఢం లాంటి పెళ్లిళ్లు లేని రోజుల్లో చిన్న హాళ్లు చవకగా వస్తాయి. సాహిత్యానికి ముహూర్తంతో పనిలేదు.

సభలు ఎక్కువగా ఆదివారమే జరుగుతాయి. కాబట్టి వరసగా ఏడు ఊళ్లు, ఏడు రోజులు అని వేసుకున్న ప్రణాళిక కాగితం మీదే ఉండిపోతుంది. ఆదివారం ఉదయం ఒక ఊరు, సాయంత్రం పక్క ఊరు పెట్టుకోండి. ఉదయం విజయనగరం, సాయంత్రం విశాఖపట్నం. ఉదయం తెనాలి, సాయంత్రం విజయవాడ. సోమవారం నుంచి శనివారం దాకా దుకాణాలకు, గ్రంథాలయాలకు, కళాశాలల తెలుగు శాఖలకు కేటాయించండి.

మొత్తం తెలుగు నేలను ఒకే దఫాలో చుట్టిరావాలని చూడవద్దు. దారులు రైలు పట్టాల వెంట వేసుకుంటే సులువు. శ్రీకాకుళం నుంచి మొదలుపెడితే (రైలు దిగేది ఆమదాలవలసలో, అక్కడి నుంచి ఊళ్లోకి బస్సో ఆటోనో) విజయనగరం, విశాఖ, రాజమహేంద్రవరం, ఏలూరు, విజయవాడ ఒక దారి. తెనాలి, చీరాల, ఒంగోలు, నెల్లూరు, తిరుపతి ఇంకొకటి. విజయవాడ నుంచి ఖమ్మం, వరంగల్ మీదుగా హైదరాబాద్ మరొకటి. కడప, అనంతపురం, కర్నూలు వైపు దూరాలు ఎక్కువ, రైళ్లు తక్కువ. అక్కడికి విడిగా వెళ్లండి, ఊరికొక రోజు పూర్తిగా ఇవ్వండి. రాయలసీమలో సభకు వచ్చేవారు పుస్తకం చదివి, గీతలు గీసుకుని మరీ వస్తారని నా నమ్మకం. కోస్తా మిత్రులు దీనితో ఏకీభవించరు.

పుస్తకాన్ని ముందు పంపడం

ఈ అంకానికే ఎక్కువ సమయం పెట్టండి. ఊరికి ఐదు ప్రతులు అనుకోండి. ఒకటి సాహిత్య సంస్థ నిర్వాహకులకు, ఒకటి మాట్లాడబోయే వక్తకు, ఒకటి గ్రంథాలయానికి, ఒకటి డిగ్రీ కళాశాలలో తెలుగు చెప్పేవారికి. ఐదోది ఏ సంస్థలోనూ పదవి లేకుండా ఊరికే పుస్తకాలు చదివే మనిషికి. అటువంటివారు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరుంటారు. నిర్వాహకులను అడిగితే చెబుతారు. సభలో మొదటి మంచి ప్రశ్న వచ్చేది సాధారణంగా ఆ ఐదో ప్రతి నుంచే.

పంపే పద్ధతి: పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది. దాని స్థానంలో తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. 300 గ్రాముల దాకా రూ. 20, గరిష్ఠంగా 5 కిలోలకు రూ. 100, పన్ను అదనం. రోడ్డు, రైలు మార్గాన వెళుతుంది కాబట్టి ఆలస్యం ఉంటుంది కానీ ఎక్కడుందో నంబరుతో చూసుకోవచ్చు. పుస్తకంలో ప్రచురణకర్త పేరో ముద్రాపకుల పేరో ఉండాలి, లోపల ఉత్తరం, ప్రకటన కాగితాల వంటివి పెట్టకూడదు. 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితం మీద అచ్చయిన 200 పేజీల డెమ్మీ (మామూలు నవల సైజు) పుస్తకం అట్టతో కలిపి దాదాపు 230 గ్రాములు తూగుతుంది, కవరుతో 250. అంటే 300 గ్రాముల గీతకు ఈవలే ఉంటారు. పుస్తకం 250 పేజీలకు చేరితే ఆ గీత కూడా దాటుతుంది. ఇంట్లో వంటగది తూకం ఉంటే ఒకసారి పెట్టి చూసుకుని తపాలా కార్యాలయానికి వెళ్లండి.

అమ్మకానికి కావలసిన కట్టలు మోసుకు తిరగవద్దు. రెండు రాష్ట్రాల ఆర్టీసీలకూ కార్గో సేవలున్నాయి. బస్టాండులో ఇస్తే అవతలి బస్టాండులో తీసుకోవచ్చు. ఇక్కడ ఒక చిన్న మెలకువ ఉంది. పెద్ద పెట్టెలో వంద ప్రతులు కుక్కకండి. బస్టాండుకు వెళ్లి దాన్ని తెచ్చేది మీ నిర్వాహకులు, ఆయనకు తరచుగా అరవై ఐదేళ్లు దాటి ఉంటాయి. ఇరవై ప్రతులకు ఒక పెట్టె చేస్తే ఐదు కిలోలు, స్కూటరు ముందు పట్టేస్తుంది. పుస్తకాల వెన్నులు ఒకసారి ఇటు, ఒకసారి అటు వచ్చేలా పేర్చండి, లేకపోతే దొంతర ఒరిగి మూలలు నలుగుతాయి. మొదట పాలిథిన్ సంచి, దాని పైన అట్టపెట్టె. రశీదు ఫొటో తీసి అవతలివారికి వాట్సాప్‌లో పంపండి, పెట్టె మీద వారి ఫోను నంబరు పెద్ద అంకెల్లో రాయండి.

ఇవన్నీ చేస్తున్నప్పుడు ఇంకో బాధ్యత మరవకండి. సొంతంగా వేసుకున్నారంటే చట్టం దృష్టిలో ప్రచురణకర్త మీరే. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల లోపు కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని నిర్దేశిత గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి మీ ఖర్చుతో పంపాలి. చాలామంది పంపరు. మీరు పంపండి.

సాహిత్య సంస్థతో మొదటి మాట

మన ఊళ్లలో సాహిత్య సంస్థ అంటే చాలాసార్లు ఒకే మనిషి. విశ్రాంత ఉపాధ్యాయుడో, బ్యాంకులోనో ఎల్ఐసీలోనో పనిచేసి రిటైరైనవారో, నెలనెలా సొంత డబ్బుతో టీ, బిస్కెట్లు తెప్పించి పాతిక మందిని కూర్చోబెడుతూ ఉంటారు. ఆయన పేరు, గౌరవం ఎరిగి మాట్లాడాలి. ఊరు పేరు మార్చి ఒకే సందేశాన్ని ముప్పై మందికి పంపితే వెంటనే పట్టేస్తారు, ఎందుకంటే ఆ ముప్పై మందీ ఒకరికొకరు స్నేహితులు.

ఇలా రాయవచ్చు:

"నమస్కారమండీ. నేను ఒంగోలులో ఉంటాను. కథలు రాస్తాను. నా మొదటి సంపుటి ఈ మధ్యే వచ్చింది, 160 పేజీలు. మీ నెలవారీ సమావేశాల గురించి ఫలానా మాస్టారు చెప్పారు. ఒక ప్రతి పోస్టులో పంపాను. తీరిక చూసుకుని చదవండి. జనవరి మూడో ఆదివారం మీ ఊరి వైపు వస్తున్నాను. పుస్తకం నచ్చితే, ఆ రోజు మీ సభ్యులతో ఒక గంట కూర్చునే వీలుంటుందేమో చెప్పగలరు. ప్రయాణ ఖర్చులు నావే. శాలువా, జ్ఞాపిక ఏర్పాట్లు ఏవీ వద్దండి. నచ్చకపోయినా పుస్తకం మీ దగ్గరే ఉంచండి."

పంపిన పది రోజులకు ఫోను చేయండి, ఉదయం పదకొండు తర్వాత. "చదివారా?" అని అడగవద్దు, "అందిందా?" అని అడగండి. చదివి ఉంటే ఆయనే చెబుతారు.

తేదీ కుదిరాక మూడు సంగతులు తేల్చుకోండి. మామూలుగా ఎంతమంది వస్తారు? పుస్తకం చదివి మాట్లాడేది ఎవరు? హాలు అద్దె, మైకు, టీ ఖర్చు ఎవరిది? మూడోది అడగడానికి మొహమాటపడతారు. మొదటి ఫోనులోనే తేలిపోతే ఇద్దరికీ హాయి. ఖర్చు పంచుకుంటామంటే చాలామంది వద్దంటారు. అయినా అనడం మర్యాద. భోజనానికి ఇంటికి రమ్మంటే వెళ్లండి. ఆ ఊరి పాఠకుల గురించి సభలో తెలియనివి భోజనాల దగ్గర తెలుస్తాయి.

సంస్థలకు తమ తమ దృక్పథాలుంటాయి. అరసం (అభ్యుదయ రచయితల సంఘం) 1943లో తెనాలిలో పుట్టింది, విరసం (విప్లవ రచయితల సంఘం) 1970లో. పద్యానికి పట్టం కట్టే సభలున్నాయి, అవధానాలు తప్ప మరొకటి పట్టనివి ఉన్నాయి, వచన కవిత్వానికే పరిమితమైనవి ఉన్నాయి. మీ పుస్తకానికి ఏది సరిపోతుందో చూసుకుని వెళ్లండి. సరిపడని చోటికి వెళ్లి, అక్కడివారికి నచ్చే రంగు పులుముకుని మాట్లాడితే వక్తలు పుస్తకం తెరిచి చూపిస్తారు.

సభ రోజు

అరగంట ముందు చేరండి. మైకు పరీక్షించండి. ఫ్యాను చప్పుడుకు మాట వినిపించని హాళ్లు చాలా ఉన్నాయి. వెనక వరుస దాకా వెళ్లి వినండి. పాతిక మంది వస్తారంటే వంద కుర్చీలు వేయనివ్వవద్దు. ముప్పై వేయించి, మిగతావి గోడవార దొంతర పెట్టించండి. అందరూ చివరి వరసల్లో కూర్చుని మధ్యలో ఖాళీ మిగిలితే ఎంత మంచి మాటైనా తేలిపోతుంది. ఆ సాయంత్రం భారత జట్టు క్రికెట్ మ్యాచ్ ఉందేమో తేదీ ఖాయం చేసే ముందే చూసుకోండి.

పుస్తకం నుంచి చదివి వినిపించండి. మన సభల్లో ఇది దాదాపు కనుమరుగైంది, రచయిత గొంతులో రచన వినే అవకాశమే అరుదు. డెమ్మీ పేజీ ఒకటి నిదానంగా చదివితే రెండు, రెండున్నర నిమిషాలు పడుతుంది. నాలుగు పేజీలంటే పది నిమిషాలు, అది చాలు. చదవబోయే భాగాన్ని పెద్ద అక్షరాలతో విడిగా ప్రింటు తీసుకోండి, సభా మందిరాల వెలుతురును నమ్మవద్దు. ఊపిరి తీసుకోవలసిన చోట పెన్సిలుతో నిలువు గీత పెట్టుకోండి. వర్ణన ఉన్న పేజీలు చెవికి ఎక్కవు, సంభాషణ ఉన్నవి ఎక్కుతాయి. నవల అయితే మొదటి మూడో వంతులో నుంచే ఎంచుకోండి. కవిత్వమైతే నాలుగు కవితలు చాలు, ఒక్కోదాని ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పి ప్రాణం తీయవద్దు.

ఆ తర్వాత ప్రశ్నలు. మొదటి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడరు, ఆ మౌనాన్ని చూసి కంగారుపడి మీరు మళ్లీ ఉపన్యాసం అందుకోవద్దు. ఒకాయన లేచి ప్రశ్న పేరుతో తన కవిత చదవడం మొదలుపెడతారు. ఒకటి చదవనివ్వండి. రెండోది తీయబోతే ముఖాముఖి నడిపేవారు చూసుకోవాలని ముందే అనుకుని ఉండండి. పుస్తకంలో తప్పు చూపిస్తే, వాదించకుండా పేజీ నంబరు రాసుకోండి. రెండో ముద్రణకు అంతకంటే మంచి ప్రూఫ్ రీడరు దొరకరు.

స్థానిక పత్రికల 'నగరంలో నేడు' శీర్షికకు రెండు రోజుల ముందు నాలుగు వాక్యాల్లో వివరం పంపండి: ఏమిటి, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎవరు. ఆ నాలుగు వాక్యాలు చూసి వచ్చే కొత్త ముఖాలు ఒకటీ రెండూ తప్పకుండా ఉంటాయి. సాహిత్య పేజీల సమీక్షకు మాత్రం రెండు ప్రతులు పంపి మరిచిపోండి, ఫోన్లు చేసి వేధించవద్దు.

గ్రంథాలయాలు

గ్రంథాలయాలను తలుచుకోకుండా తెలుగు నేల మీద పుస్తక యాత్ర గురించి మాట్లాడలేం. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో వెలిశాయి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. బాపట్ల జిల్లా వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918 నాటిది. గాంధీజీ 1929లో ఆంధ్ర పర్యటనకు వచ్చినప్పుడు దాని భవనానికి శంకుస్థాపన చేశారు. చీరాల దాకా వెళ్లినవారు వేటపాలెం చూడకుండా రావడం అన్యాయం. పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు.

ఇప్పటి పరిస్థితి వేరు. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో అడుగుపెడితే కుర్చీలన్నీ నిండి ఉంటాయి, కానీ వారిలో ఎక్కువమంది గ్రూప్స్‌కో, పోలీసు ఉద్యోగాలకో, డీఎస్సీకో చదువుకునే పిల్లలు. వారి మధ్య మైకు పెట్టి కథా సాహిత్యం గురించి మాట్లాడితే వారికీ చేటు, మీకూ చేటు. విడిగా సమావేశ మందిరం ఉంటేనే సభ అడగండి. విశాఖ ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం లాంటి చోట్ల అటువంటి వసతి ఉంది, సాహిత్య సభలకు అలవాటైన స్థలం. లేని చోట సాయంత్రం ఆవరణలో చెట్టు కింద పది మందితో కూర్చోండి. ఆ పది మందిలో ఇద్దరు, విసుగొచ్చి పుస్తకం మూసి బయటికొచ్చిన ఆ పోటీ పరీక్షల పిల్లలే అయితే అదృష్టం.

శాఖా గ్రంథాలయాలు చాలాచోట్ల ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు రెండు పూటలుగా నడుస్తాయి. వారపు సెలవు మామూలుగా శుక్రవారం. వెళ్లే ముందు అడగండి. సభకు అనుమతి జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శి ఇవ్వాలి, లైబ్రేరియన్ చేతిలో ఉండదు. తెల్ల కాగితం మీద అర్జీ, తేదీ, సమయం, విషయం, ఎంతమంది. మూడు వారాల ముందు ఇవ్వండి.

పుస్తకాలు కొంటారా అని ఆశపడతారు. ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది, చట్టం 1960 నాటిది. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఆ డబ్బు గ్రంథాలయాలకు సకాలంలో చేరదన్నది పాత గోడు. కొనుగోళ్లు ఎంపిక సంఘాల ద్వారా, దరఖాస్తుల ద్వారా జరుగుతాయి. మీరు బల్ల ముందు నిలబడి అడిగితే జరిగేది కాదు. ప్రకటన వచ్చినప్పుడు దరఖాస్తు పెట్టండి, యాత్ర బడ్జెటులో మాత్రం ఆ డబ్బును కలపవద్దు. ఒక ప్రతి విరాళంగా ఇచ్చి, దాన్ని రిజిస్టరులో ఎక్కించమని అడగండి. ఎక్కించని పుస్తకం బీరువా మీద దుమ్ము పట్టిపోతుంది.

కథల పుస్తకమైతే శ్రీకాకుళంలోని కథానిలయానికి తప్పక ఇవ్వాలి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో నెలకొల్పిన ఈ గ్రంథాలయం తెలుగు కథనంతటినీ ఒకచోట చేర్చే పనిలో ఉంది. సంపుటితో పాటు, ఏ కథ ఏ పత్రికలో ఏ తేదీన వచ్చిందో పట్టిక కూడా ఇస్తే వారి పని సులువవుతుంది. కడపలో అయితే సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం గ్రంథాలయం చూడండి.

దుకాణాలు, ప్రదర్శనలు

తెలుగు పుస్తకాల దుకాణాలు తక్కువ, ఉన్నవి ఇరుకు. సభ జరపడానికి అక్కడ చోటుండదు. ఐదు ప్రతులు పెట్టించుకోవడానికి, యజమానితోనో కౌంటరులో ఉన్నవారితోనో పదిహేను నిమిషాలు మాట్లాడడానికి వెళ్లండి. విజయవాడ ఏలూరు రోడ్డు, హైదరాబాద్ కోఠి, కాచిగూడ ప్రాంతాలు ఒక్కో పూట పడతాయి. జూన్‌లో వెళ్లవద్దు, పాఠ్యపుస్తకాల రద్దీలో మిమ్మల్ని చూసే తీరిక ఎవరికీ ఉండదు.

కమీషన్ 35 నుంచి 40 శాతం అడగడం మామూలే, పంపిణీ కూడా వారే చూస్తే ఇంకా ఎక్కువ. ఎక్కువచోట్ల అమ్ముడయ్యాకే డబ్బు. ఇందులో దాపరికమేమీ లేదు, వారికీ అద్దెలున్నాయి. మీరు చేయవలసింది కాగితం రాయించుకోవడం: తేదీ, ప్రతుల సంఖ్య, వెల, కమీషన్, ఎన్ని నెలలకు లెక్క చూస్తారు. ఒక నకలు మీద సంతకం, ముద్ర. యాభై ప్రతులు దించి వస్తే గోదాములోకి పోతాయి. ఐదే ఇస్తే కళ్లముందు అరలో ఉంటాయి, అయిపోతే ఫోను వస్తుంది. కౌంటరులో ఉండే కుర్రాడికో అమ్మాయికో ఒక ప్రతి చదవడానికి విడిగా ఇవ్వండి. "కొత్తగా ఏమొచ్చాయి?" అని పాఠకుడు అడిగేది వారినే.

పుస్తక ప్రదర్శనలో సొంత స్టాలు ఒకే పుస్తకానికి గిట్టదు. నలుగురైదుగురు రచయితలు కలిసి తీసుకోండి, లేదా తెలిసిన ప్రచురణకర్త స్టాలులో శని, ఆదివారాల సాయంత్రాలు కూర్చోండి. నిలబడి దారిన పోయేవారిని పిలవకండి.

బల్ల దగ్గర లెక్క

సభలో అమ్మకపు బల్ల దగ్గర మీరు కూర్చోవద్దు. రచయిత ఎదురుగా ఉంటే పుస్తకం తిరగేసి కింద పెట్టడానికి మొహమాటపడి, మనుషులు బల్ల దగ్గరికే రారు. స్థానిక విద్యార్థి ఎవరినైనా కూర్చోబెట్టి వారికి కొంత ఇవ్వండి. బల్ల తలుపు పక్కన ఉండాలి. వెల రూ. 175 అయితే సభలో రూ. 150కి ఇవ్వండి, చిల్లర గొడవ తప్పుతుంది. క్యూఆర్ కోడ్ అట్టకు అంటించి పెట్టండి, పెద్దల కోసం వంద, యాభై నోట్లు దగ్గరుంచండి. ఉచితంగా ఇచ్చేవి ఎన్నో బయలుదేరే ముందే లెక్క కట్టి, విడి సంచిలో పెట్టుకోండి. ఆ సంచి ఖాళీ అయ్యాక ఎవరు అడిగినా "బల్ల దగ్గర ఉన్నాయండీ" అనడం నేర్చుకోవాలి. సంతకం చేసేటప్పుడు పేరు ఎలా రాయాలో అడిగి రాయండి.

డబ్బు విషయంలో భ్రమలు వద్దు. రూ. 150 చొప్పున ఇరవై ప్రతులు పోతే మూడు వేలు. రైలు టికెట్టు, ఒక రాత్రి లాడ్జి, ఆటోలు, కార్గో కలిపితే అది అక్కడికక్కడే సరిపోతుంది, అచ్చు ఖర్చు నెత్తినే ఉంటుంది. నిర్వాహకుల ఇంట్లో బస దొరికితే కొంచెం మిగులుతుంది. ఒక దారికి ఎంత పోగొట్టుకోగలరో ముందే ఒక అంకె అనుకుని, అది దాటే పనైతే ఆ దారిలో చివరి ఊరు తీసేయండి.

రాష్ట్రం దాటితే

చెన్నై, బెంగళూరు, ముంబై, ఢిల్లీల్లో తెలుగు సంఘాలున్నాయి. వాటికి ఉగాది చుట్టూ కార్యక్రమాలు ఎక్కువ, పుస్తకం మీద తీరిగ్గా మాట్లాడుకునే సందర్భాలు తక్కువ. సంఘం ద్వారా కాకుండా అక్కడి తెలుగు చదువరుల చిన్న బృందాన్ని వెతికి పట్టుకోండి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేవారికి డాలస్‌లో టాంటెక్స్ (ఉత్తర టెక్సస్ తెలుగు సంఘం) వారి 'నెలనెలా తెలుగు వెన్నెల', డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితి, హ్యూస్టన్‌లోని వంగూరి ఫౌండేషన్ వంటి వేదికలున్నాయి. సందర్శక వీసా మీద వెళ్లి అక్కడ పుస్తకాల వ్యాపారం పెట్టవద్దు. చదవాలనుకునేవారు ఇండియా నుంచి తెప్పించుకునే దారి చెప్పండి, ఆ సంఘానికి రెండు ప్రతులు కానుకగా ఇవ్వండి.

తిరిగొచ్చాక

వారం లోపు మూడు పనులు. నిర్వాహకులకు, పుస్తకం మీద మాట్లాడినవారికి ఫోను చేయండి, వాట్సాప్ పువ్వులు పంపి ఊరుకోవద్దు. మిగిలిన పెట్టెలు ఏ ఊళ్లో ఎవరి ఇంట్లో ఉన్నాయో రాసుకుని, వారికి అడ్డుగా ఉంటే అక్కడి గ్రంథాలయానికో కళాశాలకో ఇచ్చేయమని చెప్పండి. ఐదు కిలోలు వెనక్కి తెప్పించే ఖర్చుతో కొత్తవారికి నాలుగైదు ప్రతులు పోస్టులో పంపవచ్చు. సభలో పేర్లు, నంబర్లు ఇచ్చినవారి జాబితాను ఊరి వారీగా నోటు పుస్తకంలోకి ఎక్కించండి, ఫోనులో మాత్రమే ఉంచితే ఫోనుతోనే పోతుంది. దుకాణాల్లో రాయించుకున్న కాగితాలు ఒక కవరులో వేసి, దాని మీద ఆరు నెలల తర్వాతి తేదీ రాసి పెట్టండి. ఆ తేదీన దుకాణానికి ఫోను చేసినప్పుడు ముందు ఎన్ని ప్రతులు మిగిలాయో అడగండి, డబ్బు సంగతి వారే ఎత్తుతారు. ఎత్తకపోతే అప్పుడు అడగండి.